మిరపకోతల రాయబారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో అబద్ధాలకు నాదే పేరు. మా గేదె సాగర్ కాలువలో పడి గుంటూరు దాకా ఈదుకుంటూ వెళ్లి, బస్సెక్కి తిరిగొచ్చిందని, కండక్టరు దానికి టికెట్ కూడా కొట్టలేదని బళ్లో చెప్పి పంతులుగారి చేత దెబ్బలు తిన్నదాన్ని. అలాంటి నన్ను మా నాయనమ్మ ఒకరోజు రాయబారానికి పంపింది. ఇది మాత్రం నిజం.

గురజాల పక్కన మా ఊరు. ఊళ్లో రెండు పార్టీలు. ఒకదానికి మా తాతయ్య పెద్ద, రెండోదానికి పై వీధి పెద్దాయన. గొడవ ఎందుకు మొదలైందని అడిగితే ఎవరి కథ వాళ్లు చెప్పేవారు. నా గేదె కథే వాటికన్నా నమ్మేటట్టు ఉండేది. ఆ ఏడు రెండు పక్కలా తలలు పగిలాయి. మా నాన్న నాలుగు నెలలుగా నడికుడిలో చుట్టాలింట్లో తలదాచుకున్నాడు.

ఇంతలో మిరప పండింది. మా తోటకు దారి వాళ్ల చేల మీదుగా, వాళ్ల తోటకు దారి మా కల్లం పక్కనుంచి. కోత కూలీలు భయపడి ఎవరి తోటలోనూ దిగేది లేదన్నారు. ఎర్రటి కాయ చెట్టునే రంగు దిగి, ధర పలకని తాలుగా మారిపోతోంది. కొన్నాళ్లు కొట్లాట ఆపుదామని రెండిళ్లలోనూ మనసులో ఉంది. కానీ ముందు అడిగినవాడు ఓడినట్టు. పెద్దమనిషిని పంపినా అడిగినట్టే.

నాయనమ్మ నాకు జడ వేస్తూ చెప్పింది. "ఏమే, పై వీధి తాత కాడికి పో. కాయ కోసిందాకా పది రోజులు ఎవరి జోలికి ఎవరూ రావద్దు, బయట తలదాచుకున్న మగాళ్లు ఇళ్లకు రావచ్చు, మా తాత అన్నాడని చెప్పు."

"తాత అన్నాడా?"

"అనలా. వద్దని కూడా అనలా. కుదిరితే సరే. కుదరకపోతే ఆ పిల్ల మాటకేందిలే అని ఇద్దరూ దులుపుకుపోతారు."

తాతయ్య అరుగు మీద చుట్ట కాలుస్తూ వింటూనే ఉన్నాడు.

పై వీధి పెద్దాయన గొడ్లకు మేత వేస్తున్నాడు. నేను చెప్పిందంతా విని, "మీ గేదె మళ్లీ బస్సెక్కిందా?" అని నవ్వాడు. తర్వాత మా తాతయ్యను, ఆయన తండ్రిని కలిపి తిట్టాడు. "పది రోజులా? కుదరదు పో" అన్నాడు. నేను వాకిలి దాటబోతుంటే వెనక్కి పిలిచాడు. "కోస్తే సరిపోద్దా? ఆరబెట్టొద్దా? కాయ ఎండి బస్తాల్లో తొక్కిందాకా అయితే చూద్దాం. నేనన్నానని చెప్పబాకు."

ఇంటికొచ్చి తిట్లతోనే మొదలుపెట్టాను. రుచి కోసం నావీ రెండు కలిపాను. నాయనమ్మ నా నోరు మూసింది. "తిట్లు దారిలోనే పారేసి రావాలమ్మా. షరతు ఏందో అది చెప్పు."

చెప్పాను. "ఈ పిల్ల మాటలు నమ్మబాకండి" అన్నాడు తాతయ్య. చుట్ట నుసి దులిపి, ఎవరి వంకా చూడకుండా, "వాళ్ల బళ్లు మన కల్లం పక్కన పోవాలంటే మన బళ్లు వాళ్ల చేలో పోవాలి" అన్నాడు.

మళ్లీ పరిగెత్తాను. ఆ రోజు నాలుగుసార్లు తిరిగాను. నా జన్మలో ఒక్క ముక్క కలపకుండా మాట్లాడింది ఆ రోజే. కలిపితే మా నాన్న రాడని నాకు అర్థమైంది.

పొద్దుగూకేసరికి మాట కుదిరింది. కబురందుకుని మూడో రోజు నాన్న బస్సు దిగాడు. దారిలో పై వీధివాళ్ల బండి ఎదురైంది. ఇద్దరూ పలకరించుకోలేదు. బండి తోలే అతను మాత్రం ఎద్దుల్ని కాస్త పక్కకు లాగి దారి ఇచ్చాడు. కాయ ఎండింది, బస్తాలకెక్కింది. గడువు అయిపోయిందని ఆ మర్నాడు ఏ ఇంట్లోనూ ఎవరూ అనలేదు. ఎండాకాలంలో పెద్దలిద్దరూ నరసరావుపేట వెళ్లి కోర్టులో కేసులు రాజీ చేసుకొచ్చారు. ప్రేమలేమీ పుట్టలేదు గానీ, మళ్లీ తల పగల్లేదు.

ఇప్పుడు ఫోన్లో ఎక్కడెక్కడివో యుద్ధాల వార్తలు చూస్తుంటాను. కాల్పులు ఆపుదామని ఒకరన్నారట, రెండోవాళ్లు కుదరదన్నారట. మా ఇంట్లో పిల్లలు అక్కడితో పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం ఆ "కుదరదు" తర్వాత ఏమన్నారో అని కిందికి జరుపుకుంటూ పోతాను. తిట్లన్నీ దాటాక ఎక్కడో ఒక షరతు కనబడుతుంది. అది కనబడితే చాలు, ఏ ఊళ్లోనో ఎవరి నాన్నో ఇంటికి బయల్దేరే రోజు దగ్గరపడిందని అనుకుంటాను.