పళ్లు కనపడని బొమ్మలు

మాది మర్రిగూడ దగ్గర పల్లె. ఫ్లోరైడ్ నీళ్లకు మా ఊళ్లో చాలామందికి పళ్లు గారపట్టాయి. నాకూ అంతే. నల్లగొండ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు నాకు ఫ్యాషన్ పత్రికలంటే పిచ్చి. బట్టల మీద మోజు కొంతే. అసలు సంగతేమిటంటే, వాటిలో అమ్మాయిలు పళ్లు కనపడేలా నవ్వరు! ఆ బొమ్మలు గోడకు అంటించుకుని, వాళ్లలాగే మూతి బిగించి చూడటం నేర్చుకున్నాను. గదిలో వాళ్లు అది స్టైలనుకుని నన్ను ‘మోడల్’ అని పిలిచేవారు.

ఒక ఆదివారం మా అవ్వ జొన్నరొట్టెలు తెచ్చింది. గోడ మీది బొమ్మల్ని తేరిపార చూసి, అందరి ముందూ జాలిగా అడిగింది.

“అయ్యో, గీ పోరిలల్ల ఒక్కతి గూడ పండ్లు సూపెడ్తలేదు. గీళ్లు గూడ మన నీళ్లే తాగిండ్రా బిడ్డా?”

గదంతా ఘొల్లున నవ్వింది. అందరి చూపులూ నా నోటి మీదే. నాకు తల కొట్టేసినట్టయింది.

“నువ్వు జర నోరు మూస్కో అవ్వా!” అని అరిచాను.

అవ్వ తన గారపళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది. బస్సెక్కేదాకా తీయలేదు.

ఇప్పుడు నేను గారపళ్లతోనే నోరారా నవ్వుతాను. ఆ కొంగు గుర్తొస్తే మాత్రం పెదవులు వాటంతటవే మూసుకుంటాయి.