సైకిలు తాళం, సైదులు మీద కేసు

1969లో నేను సూర్యాపేట–కోదాడ రోడ్డు మీది ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా ఉన్నాను. కేంద్రం ముందు నిలిపిన మా సర్కారు సైకిలు ఒక మధ్యాహ్నం మాయమైంది. అందుకు నేను భయపడలేదు. డాక్టరుగారు ఫిర్యాదు రాస్తూ కలం ఆపి, "పగిలిన తాళం ముక్క ఒక్కటీ లేదు. తాళంచెవి సైదులు దగ్గరే ఉంది. ఇంకెవరండీ?" అన్నప్పుడు భయం వేసింది.

సైదులు మా అటెండరు. టీకా మందుల ఫ్లాస్కు కట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. నలభై దాటినా ఉద్యోగం ఇంకా టెంపరరీయే. కేసు పడితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. అతను తాళం వేసిన మాట, చెవి మొలతాడుకు కట్టుకున్న మాట నిజం. ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసినందుకే అతను దొంగయ్యాడు.

ఆ రోజుల్లో అందరూ సైకిలుకు తాళం వేసే తీరు ఒక్కటే. వెనక చక్రానికి రింగు తాళం నొక్కి, గోడకు ఆనించి వెళ్లిపోవడం. స్తంభానికి గొలుసు కట్టినవాణ్ణి నేను చూడలేదు. వెనక చక్రం కాస్త ఎత్తి పట్టుకుంటే ఎవరైనా నడిపించుకు పోవచ్చు. కొందరు ఇంట్లో అందరికీ వీలుగా ఉంటుందని చెవిని సీటు కింద స్ప్రింగులో దోపేవారు. మా డాక్టరుగారి సొంత సైకిలు చెవి ఉండేదీ అక్కడే. ఆయనే సైదులు అజాగ్రత్త, అతని మీద అనుమానం కలిపి అర పేజీ రాశారు.

ఇంకో సంగతి మా ఇంట్లో వాళ్లకు అనుభవమే. ఒకే రకం తాళాలకు ఒకే చెవి పట్టేది. అంతకు ముందు ఏడు మావారు మిర్యాలగూడ బస్టాండు దగ్గర వేరొకరి సైకిలు తాళం తీసి, ఎక్కి, రైస్ మిల్లు దాకా వచ్చాక గానీ సీటు తేడా గమనించలేదు.

ఇది చెబితే డాక్టరుగారు, "అవన్నీ పోలీసులు చూసుకుంటారులెండి," అన్నారు. సాయంత్రానికి సైదులును స్టేషన్లో కూర్చోబెట్టారు. చంటిపిల్లను పక్కింట్లో వదిలి, మావారి తాళంచెవి పట్టుకుని వెళ్లాను. సైదులు వరండాలో నేల మీద ఉన్నాడు. అతని భార్య లింగమ్మ సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

ఆవరణలో కానిస్టేబుళ్ల సైకిళ్లు ఆరు వరసగా ఉన్నాయి. నా దగ్గరున్న తాళంచెవితో వాటి తాళాలు తీసి చూస్తానని ఎస్సైగారిని అడిగాను. ఆయన నవ్వి, "సూదులేసుడు ఖతమైందా సిస్టరమ్మా, తాళాల పని షురూ చేసిన్రా?" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

మొదటి రెండు రాలేదు. మూడోది టక్కున తెరుచుకుంది. అది హెడ్డు కానిస్టేబులుది.

"గిదేందమ్మా, నా బండికి మీ చెవి ఎట్ల పట్టింది?" అన్నాడాయన.

లింగమ్మ లేవకుండానే, "సారూ, ఇగ ఆ సిస్టరమ్మను గూడ గీడ్నే కూసోబెట్టుండ్రి. అన్నం ఇద్దరికి సరిపోతది," అంది. ఎస్సైగారు నవ్వు ఆపుకుని సైదులును పంపేశారు.

సైకిలు దొరకలేదు. డాక్టరుగారు జిల్లా ఆఫీసుకు పంపబోయే రిపోర్టులో సైదులు పేరు కొట్టేశారు గానీ, అతని తప్పు లేదని రాయలేదు. అటువంటివి ఫైల్లో రాయరట. అనుమానం రాయడానికి అర పేజీ దొరికింది, నిర్దోషి అనడానికి ఒక్క లైను దొరకలేదు. నేనే విడిగా వాంగ్మూలం రాసి, ఇన్‌వార్డు నంబరు వేయించి, ఫైల్లో పెట్టించే దాకా కదల్లేదు. కొత్త సైకిలు వచ్చాక దాన్ని గొలుసుతో వరండా స్తంభానికి కట్టించాను. ఆ తర్వాత ఏ కేంద్రంలో పని చేసినా, వస్తువు పోయిందంటే ముందు తాళం పరీక్షించాను, మనిషిని తర్వాతే అడిగాను.

స్టేషనుకు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున నా పెద్దపిల్లలిద్దరూ, సైదులు మామ దొంగట గదా, బళ్లో అంటున్నారు అని అడిగారు. జడ వేయడం ఆపి చెప్పాను: "మామ దొంగ కాదు, టీకాల ఫ్లాస్కు తెచ్చే మన మామే. ఇయ్యాల బడికి పోయేటప్పుడు ఆయన ఎదురైతే ఎప్పటి లెక్కనే నమస్తే పెట్టి, అందరూ చూస్తుండంగ ఆయనతోటి నడువుండ్రి."