పోర్ట్‌లాండ్‌లో రెండో గొంతు

నేను పోర్ట్‌లాండ్ వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు. కుళ్లుకుని వెళ్లాను. హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ రేణు ఇప్పుడు అక్కడే ఉంటోంది. పోయిన నెల తను ఒక వీడియో పంపింది. అందులో గిటార్ వాయిస్తూ మా పాట పాడుతోంది. పక్కన నిలబడి నా భాగం పాడుతున్నది మేఘ అని అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. సియాటిల్ దగ్గర బాతెల్‌లో నేను పనిచేసే ల్యాబ్ బ్రేక్‌రూమ్‌లో కూర్చుని ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పను. శనివారం మధ్యాహ్నం ఒక రికార్డుల షాపులో ఇద్దరూ మళ్లీ అదే పాడబోతున్నారని తెలియగానే రైలు టికెట్ బుక్ చేశాను.

ఆ పాట టిన్ హార్బర్స్ అనే బ్రిటిష్ బ్యాండ్ తొలి సింగిల్, 'సాల్ట్ ఆన్ ద విండో'. కోఠిలో పాత కాసెట్లు అమ్మే షాపులో అది నాకే దొరికింది. రెండు గొంతుల పాట. పై గొంతు రేణుకి నేర్పి, కింది గొంతు నేను తీసుకున్నాను. చదువు అయ్యేదాకా హాస్టల్ డాబా మీద పాడుకున్నాం.

బాతెల్ నుంచి సియాటిల్ స్టేషన్‌కి బస్సులో గంట పైనే పడుతుంది. అక్కణ్ణుంచి పోర్ట్‌లాండ్‌కి రైల్లో మూడున్నర గంటలు. ముందుగా తీసుకుంటే టికెట్ నలభై డాలర్ల లోపే వస్తుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, చివరి గంటలో కొలంబియా నది పక్కనే సాగుతుంది. నేను మాత్రం నది చూసింది తక్కువ, మేఘ ఎక్కడ తప్పు పాడుతుందో ఊహించుకున్నది ఎక్కువ. స్టేషన్ బయట క్యాబ్ ఎక్కాక డ్రైవర్ ఏం పని మీద వచ్చారని అడిగాడు. ఫ్రెండ్ పాడుతోందన్నాను. మరి మీరు పాడరా అన్నాడు. లేదని చెప్పి ఫోన్లోకి తల దించుకున్నాను.

షాపు నిండా నడివయసు అభిమానులు. ఓనరు, తల నెరిసిన ఒకావిడ, ముందు ఆ సింగిల్ కథ చెప్పింది. ఇంగ్లండ్‌లో ఒక చిన్న రేవు ఊళ్లో నలుగురు పిల్లలు కలిసి చేసిన రికార్డట. మొదట ఎవరూ కొనలేదట. ఈలోగా కింది గొంతు పాడిన అమ్మాయి బ్యాండ్ వదిలేసింది. కొత్త గాయనితో మళ్లీ రికార్డు చేస్తే అదే హిట్ అయింది. అమెరికా రేడియోల్లో మోగింది, ఇప్పటికీ బ్యాండ్లు పాడుకుంటున్నది ఆ రెండోదే. మొదటి అమ్మాయి గొంతు ఉన్న కాపీలు ఎక్కడో కొన్ని మిగిలాయంతే. నా కాసెట్‌లో అంత నెమ్మదిగా, కింది స్థాయిలో పాడింది ఆ మొదటి అమ్మాయేనని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత రేణు, మేఘ పాడారు. మేఘ ఎక్కడా తప్పు పాడలేదు. నాకంటే బాగా పాడింది. అంతవరకూ ఎలాగో ఓర్చుకున్నాను. చప్పట్ల తర్వాత రేణు మైకులో, ఈ పాట తను హాస్టల్ రేడియోలో విని నేర్చుకున్నానని చెప్పింది.

వెనకవైపు పార్కింగ్‌లో ముగ్గురం కాఫీ తాగుతుంటే ఆగలేకపోయాను.

"రేడియోలో విన్నావా?"

"ఏమోనే, అలాగే గుర్తుంది. ఎందుకు?"

అబద్ధం ఆడలేదు. నిజంగానే మర్చిపోయింది. అబద్ధమైతే కనీసం పోట్లాడేదాన్ని.

మేఘకి ఏదో అర్థమైనట్టుంది. "ఆంటీ, మీరు కూడా పాడేవాళ్లా? వన్స్ పాడండి, ప్లీజ్," అంది. ఆంటీ అన్నందుకు కూడా ఒళ్లు మండింది. కాని పాడాను. నా కాసెట్‌లో ఉన్నట్టే, నెమ్మదిగా, బాగా కింది స్థాయిలో. రేణు అలవాటుగా పై గొంతు అందుకుంది. మూడో లైనుకి నా గొంతుతో కలవలేక మేఘ బాణీలోకి జారిపోయి, ఆగిపోయింది. మిగతాది నేనొక్కదాన్నే పూర్తి చేశాను.

"ఇట్స్ సో డిఫరెంట్," అంది మేఘ. "నాకు నేర్పిస్తారా?"

"వద్దమ్మా," అన్నాను. "ఇది నా దగ్గరే ఉండనీ."

రేణు కారు తాళాలు తీసింది.

సాయంత్రం రైలు కదిలాక తన మెసేజ్ వచ్చింది: "రేడియో కాదే. నీ కాసెట్. కోఠిలో కొన్నావు." సగం దారిలో సెంట్రేలియా స్టేషన్ దాటాక జవాబిచ్చాను: "రెండో చరణం ఇంకొంచెం నెమ్మదిగా పాడమని మేఘకి చెప్పు."

ఇంటికొచ్చేసరికి అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పాటని ఇంకొకరు పాడుతున్నందుకు నేను ఏడవలేదని మాత్రం తెలిసింది. రేణు జీవితంలో నేను పాడిన చోట ఇంకొకరు నిలబడ్డారు, ఆ చోటు ఖాళీగా ఉన్నట్టు తనకి ఎప్పుడూ అనిపించలేదు. తన దగ్గరికి వెళ్లకపోవడానికి నాకూ చెప్పుకోదగ్గ కారణమేం లేదు. మూడున్నర గంటల దూరంలో ఉండి, ఇన్నేళ్లలో వెళ్లింది ఇదే మొదటిసారి.

పాత స్నేహితుల దగ్గరికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. తిరుగు టికెట్ అదే రోజుకి తీసుకోకండి. ఆ సాయంత్రం నన్ను దింపడానికి వచ్చి, స్టేషన్ బయట కారాపి రేణు "ఈ రాత్రికి ఉండిపోవే" అంది. టికెట్ ఉందని చెప్పి దిగిపోయాను.