ఫారంలో మాతృభాష గడి

2022 జూలై. వరంగల్‌లో పిల్లలకు మానసిక పరీక్షలు చేసే ఒక చిన్న కేంద్రంలో సైకాలజిస్టుగా ఉన్నాను. బడులు తెరిచిన నెలకల్లా మాకు రద్దీ మొదలవుతుంది. "చదువు రావట్లేదు, ఐక్యూ ఎంతో రాసి పంపండి" అని హెడ్మాస్టర్లు ఉత్తరం ముక్క చేతిలో పెట్టి పంపుతారు. అప్పటికి నాది పద్దెనిమిదేళ్ల అనుభవం. పిల్ల గదిలోకి నడిచొచ్చే తీరు చూసి సగం రిపోర్టు చెప్పేస్తానని గొప్పలు పోయేదాన్ని.

తొర్రూరు దగ్గరి ఒక పల్లె నుంచి యాకూబీ అనే ఆమె తన కూతురు షాహీన్‌ను తీసుకొచ్చింది. పిల్లకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. యాకూబీ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. బడివాళ్ల ఉత్తరంలో విషయం సూటిగానే ఉంది. ఐక్యూ డెబ్బై కంటే తక్కువ వస్తే టీసీ ఇచ్చేస్తారు, పిల్లను వరంగల్‌లో హాస్టల్ ఉన్న స్పెషల్ స్కూల్లో వేసుకోవాలి.

"దీన్ని ఇడిసిపెట్టి నేనుండలేను మేడం. అదీ ఉండది" అంది యాకూబీ, పిల్లను వరండాలో ఉంచి తానొక్కతే లోపలికొచ్చి. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఐక్యూ టెస్టులో సగం మాటలతో చెప్పే జవాబులు, సగం బొమ్మలతో, చెక్క ముక్కలతో చేసే పనులు. ఫారంలో మాతృభాష గడిలో ఉర్దూ అని ఉంది. తల్లి తెలుగు మాట్లాడినా, అది బయటివాళ్లతో కాబోలు అనుకున్నాను. నాకు చిన్నప్పుడు మా వాడకట్టులోనే ఉర్దూ అబ్బింది, మాట్లాడటమంటే సరదా. ఇంకేం, తల్లిని ఓ పక్కన కూర్చోబెట్టి, పరీక్ష మొత్తం ఉర్దూలోనే, ఎంతో ముద్దుగా నడిపించాను. షాహీన్ నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. మాటలతో చెప్పవలసిన వేటికీ నోరే విప్పలేదు. చెక్క ముక్కలు నేను చేత్తో పేర్చి చూపించినప్పుడు మాత్రం టక్కున చేసింది. ఆ మాట కాగితం మీద రాసుకున్నాను కూడా. రాసుకున్నానే గానీ ఆలోచించలేదు.

లెక్క కడితే డెబ్బైకి చాలా కింద తేలింది. రిపోర్టు రాయడం మొదలుపెట్టి, మంచినీళ్ల కోసం బయటికి వచ్చాను. వరండాలో బెంచీ మీద షాహీన్ తన తర్వాతి టోకెన్ పాపకు పాఠం చెబుతోంది.

"గడియారం బొమ్మ చూపిస్తది. దానికి ముల్లుండది. ముల్లు లేదని చెప్పు. మస్తు అల్కగుంటది, భయపడకు."

బొమ్మలో లేనిదేమిటో కనిపెట్టే ప్రశ్న అది. నా ముందు దానికి జవాబే చెప్పని పిల్ల! మిగతా బొమ్మలు కూడా వరసగా, తడబడకుండా, మంచి తెలుగులో చెప్పుకుపోతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. యాకూబీని పక్కకు పిలిచి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అప్పుడు అడిగాను. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అది.

"తెలుగే మేడం. ఉర్దూ సలాం దువా వరకే వస్తది. మీరేమో అంత పావురంగ, ముద్దుగ మాట్లాడవడితిరి, రాదని ఎట్ల చెప్పాలె? ముస్లింలయి ఉర్దూ రాదా అని టౌన్ల మావోళ్లే నవ్వుతరు."

గడి నింపింది కౌంటర్లో క్లర్కు, పేరు చూసి. నేనూ పేరు చూసే నమ్మాను. యాకూబీని ఏమనగలను? సిగ్గుపడవలసింది ఆమె కాదు.

పోనీ మర్నాడు తెలుగులో చేద్దామంటే కుదరదు. అదే టెస్టు వెంటనే మళ్లీ చేస్తే జవాబులు గుర్తుండి నంబరు పెరుగుతుంది. మేం దాన్ని ప్రాక్టీస్ ఎఫెక్ట్ అంటాం. ఏడాది ఆగాలి. ఏడాది ఆగడానికి బడి ఒప్పుకోదు.

ఆ ఆదివారం తొర్రూరు బస్సెక్కాను. యాకూబీ ఇంట్లో కుట్టుమిషన్ పక్కన బట్టల మూటలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి రంగు దారం, దానికి ముడులు. పేర్లు రాసిన చీటీలు షాహీన్ చదవలేక మూటలు తారుమారు చేసేదట. అందుకని ఆ పిల్లే ఈ పద్ధతి పెట్టుకుంది. ఎర్రదారం, రెండు ముడులు ఉన్న మూట ఒకటి తీసి, ఇదెవరిదని అడిగాను.

"సుజాతక్కది. రెండు ముడులంటే మంగళారం ఇయ్యాలె. చేతులు జర వదులు కుట్టమన్నది."

తర్వాత తెలుగు వాచకం తెరిచాను. రెండు లైన్లకే అక్షరాలు అటూ ఇటూ అయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. తెలివికి లోటేం లేదు, చదవడం దగ్గరే అడ్డం పడుతోంది. లెర్నింగ్ డిజెబిలిటీ అనేది ఇదే కావచ్చు. దానికి బడి మార్చనక్కర్లేదు, నేర్పే పద్ధతి మార్చాలి.

రిపోర్టులో నంబరు గడి ఖాళీగా వదిలి, చూసిందంతా రాశాను, దారాలతో సహా. హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "నంబర్ లేని రిపోర్ట్ నేనేం చేసుకోవాలె మేడం?" అన్నాడు. పిల్లకు రాని భాషలో పరీక్ష పెట్టానని, తప్పు నాదని చెప్పాను. ఆ మాట అనడం నాకు సులువు కాలేదు. ఆయన కాసేపు నసిగి, ఏడాది చూద్దామన్నాడు. ముందు బెంచీ, నోటితో పరీక్ష, వారానికి మూడు రోజులు విడిగా చదివించడం, వీటికి ఒప్పించాను.

ఏడాది తర్వాత తెలుగులో మళ్లీ పరీక్ష చేశాను. నంబరు ఆ వయసు పిల్లలకు ఉండవలసినంతే ఉంది. చదువు ఇంకా నత్తనడకే, కానీ అదే బడిలో, అమ్మ దగ్గరే.

ఇప్పుడు మాతృభాష గడి నేనే నింపుతాను, అదీ పిల్లనడిగి. "ఇంట్ల అమ్మతోని ఏ భాషల కొట్లాడుతవ్?" అంటాను. జవాబు చెప్పని పిల్ల కనిపిస్తే, నేను అడిగిన తీరును ముందు అనుమానిస్తాను. ఇది నాకు నేర్పింది షాహీనే. ఆ రెండోసారి పరీక్ష అయ్యాక, మొదటిరోజు ఎందుకు మాట్లాడలేదని అడిగితే, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పింది:

"మీకు తెలుగు రాదనుకున్న మేడం. పాపమనిపించి సప్పుడుజెయ్యక కూసున్న."