అమ్మ వేళ్లకు తెలియని వేడి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు వంటింట్లో చక్కెర పాకం పడుతూ కనిపించింది. మా ఇంట్లో తీపి తినే యోగం ఎవరికీ లేదు, పెద్దవాళ్లందరికీ షుగరే. మరి ఈ పాకం ఎవరికే అని అడిగితే తన చేతులకట. చక్కెర, నీళ్లు, నిమ్మరసం కలిపి ముదరబెట్టి, చర్మానికి పూసి లాగితే వెంట్రుకలన్నీ ఊడి వస్తాయట. ఫోనులో ఎవరో చూపించారట. నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు చెప్పి, "అవ్వా, మరీ వేడిగా ఉందేమో చూడవా" అని గిన్నె నా ముందుకు జరిపింది. వేలు పెట్టాను. గోరువెచ్చగా అనిపించింది. అట్లా అనిపించగానే, "ఉండు, ఇప్పుడే పూసుకోవద్దు" అని గిన్నె పక్కన పెట్టించాను.

మేము బేతంచెర్లలో ఉండేవాళ్లం. యాభైలలో మాట. నాయన బండల గనిలో మేస్త్రి. కాబట్టి మా ఇంటి గోడలు, అరుగు, స్తంభాలు, చివరికి నీళ్ల తొట్టి కూడా నాపబండలే. ఎండాకాలం మధ్యాహ్నం పెరట్లోకి పోవాలంటే మేము కోతుల్లా గెంతుకుంటూ పోయేవాళ్లం, అమ్మ మాత్రం ఒట్టి కాళ్లతో నింపాదిగా నడిచేది. వేడంటే ఆమెకు లెక్కలేదు. పూటకు ఇరవై జొన్న రొట్టెలు తట్టి, పెనం మీద చేత్తోనే తిప్పేది. పెళ్లిళ్లలో అరిసెల పాకానికి ఊరంతా అమ్మనే పిలిచేది. ఉడుకుతున్న బెల్లంలోంచి వేళ్లతోనే రవ్వంత తీసి, నీళ్లలో వేసి, ఉండ కట్టి చూసేది. "ఇవి చేతులా, పట్టకార్లా?" అని నాయన ఎగతాళి చేస్తే మురిసిపోయేది. మేమూ మురిసిపోయేవాళ్లం.

అప్పటికి మా అక్కకు పదిహేడేళ్లు. మా ఇంటి ఆడవాళ్లలో చదువుకున్న మొదటి మనిషి. కడపలో టీచరు ట్రైనింగుకు సీటొస్తే, గుంతకల్లులో బండి మారి పోయి, హాస్టల్లో చేరింది. దసరా సెలవులకు వచ్చి, ఇక తిరిగి పోనని మొండికేసింది. రెండు రోజులు కారణం చెప్పలేదు. అక్కకు పైపెదవి మీద నూనూగు మీసం, చేతుల మీద ఒత్తుగా వెంట్రుకలు ఉండేవి. మా ఇంట్లో ఎవరమూ దాన్ని గమనించిన పాపాన పోలేదు. హాస్టలు పిల్లలు గమనించారు. జమాదారని పేరు పెట్టి, తను బోర్డు దగ్గరికి పోయినప్పుడల్లా వెనక నుంచి సెల్యూట్లు కొట్టేవాళ్లట. "రేపు బడి పిల్లోళ్ల ముందర ఎట్ల నిలబడేదిమా? వాళ్లూ నగుతారు గదా" అని మూడో రోజు అమ్మ ఒళ్లో పడి ఏడ్చింది.

పసుపు, సున్నిపిండి పెట్టి రుద్దితే చర్మం కందిందే గానీ వెంట్రుక కదల్లేదు. అప్పుడు పక్కింటి బూబమ్మ ఆదుకుంది. ఆమె అత్తగారిది హైదరాబాదు, అక్కడి ఆడవాళ్ల దగ్గర ఈ చక్కెర పాకం విద్య నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం అక్కను కూర్చోబెట్టుకుని రెండు చేతులూ చేసింది. లాగినప్పుడల్లా ఒక కేక, వెంటనే ఒక నవ్వు. సాయంత్రం దాకా అక్క తన చేతులు తానే నిమురుకుంటూ, నాచేత నిమిరించుకుంటూ తిరిగింది. మొహం ఇంకో రోజు చేద్దామనుకున్నారు. ఇంతలో తమ్ముడికి జబ్బుగా ఉందని కబురొచ్చి బూబమ్మ కర్నూలు పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ గోడ దగ్గర నిలబడి అమ్మకు చెప్పింది: "పాకం నీకు నేర్పేదేముండాది వదినా. వేడి మాత్రం నువ్వు చూడాకు. నీవి రొట్టెల చేతులు, తెలీదు. మీ చిన్నదాని మోచేతి లోపల రోంత పెట్టి చూడు. అది ఓర్చుకుంటే అప్పుడు మొగానికి పెట్టు." చిన్నదంటే నేను. నాకు పదేళ్లు.

మర్నాడు పొద్దున అక్క ప్రయాణం. ట్రంకు పెట్టె సర్ది వాకిట్లో పెట్టారు. ఆ మధ్యాహ్నం అమ్మ పాకం పట్టింది. చక్కెర చాలక బెల్లం కూడా వేసింది. అరిసెలకు పట్టినట్టే పట్టి, దించి, వేలు పెట్టి చూసుకుని, "ఆరిపోయింది రా" అని అక్కను పిలిచింది. బూబమ్మ మాట అమ్మ మరిచిపోయింది. పాకం దగ్గర ఆమెకు తన వేళ్లు తప్ప ఇంకేదీ గుర్తుండదు. నాకు మాత్రం ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుంది కాబట్టే స్తంభం చాటుకు పోయాను. నోరు విప్పితే ముందు కాలేది నా చెయ్యే. రెండు చేతులూ పావడాలో చుట్టుకుని కిమ్మనకుండా నిలబడ్డాను.

"కాల్తాందిమా!" అని, పైపెదవికి పాకం తగలగానే అక్క అరిచింది.

"యాడ కాల్తాంది? గోరువెచ్చగుండాది. రోంత ఓర్చుకో" అని అమ్మ భుజం అదిమి పట్టుకుంది. మొన్నటి కేకలాంటిదే ఇదీ అనుకుంది. లాగేసరికి వెంట్రుకలతో పాటు చర్మం వచ్చింది.

కలబంద పెట్టారు, కొబ్బరినూనె పెట్టారు. మర్నాటి బండి పోయింది. ఆ తర్వాతి బండ్లన్నీ పోయాయి. పుండు మానేసరికి పెదవి ఒక పక్కకు గుంజుకుపోయింది. ట్రైనింగు బడిలో పేరు కొట్టేశారని కార్డు ముక్క వచ్చింది. ఆ మచ్చ మీద మళ్లీ ఒక్క వెంట్రుక కూడా మొలవలేదు. అక్క ఆ బండల ఇంట్లోనే, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని బతికినన్నాళ్లూ బతికి, పోయింది. చూసినవాళ్లు అది అణకువ అనుకునేవాళ్లు. అమ్మను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే అమ్మకు కొంత నయంగా ఉండేదేమో. అమ్మ మళ్లీ పాకం జోలికి పోలేదు. నా పిల్లలకు స్నానం చేయించేటప్పుడు కూడా దూరంగా నిలబడి, "వేడి మీరే చూసుకోండి, నా చెయ్యి నమ్మాకండి" అనేది. తప్పంతా తనదేనన్న నమ్మకంతోనే కన్నుమూసింది. స్తంభం చాటు సంగతి నేను అమ్మకు చెప్పలేదు, అక్కకూ చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. భయమేసి మింగేశాను. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

"ఏమైందవ్వా? చల్లారిందా?" అని మనవరాలు మళ్లీ అడిగింది. నా వేళ్లకేసి చూసుకున్నాను. ఇన్నేళ్లు రొట్టెలు తిప్పిన వేళ్లు, అచ్చం అమ్మ వేళ్లే. "వీటికి తెలీదు మే" అని, మోచెయ్యి తిప్పి లోపలి వైపు ఆమె ముందు చాపాను. "ఈడ పెట్టి చూడు." స్పూను కొసతో రవ్వంత పెట్టింది. చురుక్కుమంది. "ఇంకా ఆరనీ" అన్నాను. నా కళ్లలో నీళ్లు చూసి, పాపం, కాలిందనుకుంది. మా ఇంట్లో ఆ స్తంభం నుంచి పాకం గిన్నె దాకా నాలుగే నాలుగు అడుగులు. అవి నడవడానికి నాకు డెబ్భై ఏళ్లు పట్టింది.