కాశయ్య చెయ్యి

గంజాం జిల్లా ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులవి. చేపల వేటనుంచి వచ్చిన తెప్పలు పెద్ద కెరటాల అవతలే ఆగి, రామయ్యపట్నం ఒడ్డున కెరటాల మధ్య సందు చూసి కాశయ్య చెయ్యి లేచేదాకా కదిలేవి కావు. ఆ హోరులో కేక వినబడదు, చెయ్యే పిలుపు. ఇరవై ఏళ్లలో అది ఒక్కసారీ తప్పలేదు.

ఒక పొద్దున కాశయ్య చుట్ట కాలుస్తూ కూలబడ్డాడు. లేచాక కుడిచెయ్యి అతని మాట వినలేదు. వల విసిరినట్టు దానంతటదే ఎగిరెగిరి పడేది, నిద్రలోనే ఊరుకునేది. మెదడు లోలోపల దెబ్బతిందనీ, మందు లేదనీ బరంపురం డాక్టరు చెప్పేశాడు.

అయినా ఇంట్లో కూర్చోలేక ఒడ్డుకెళ్లాడు. చెయ్యి ఎగిరింది. అతని జబ్బు సంగతి తెలిసి కూడా, కెరటాల అవతల ఆగివున్న బావమరిది మసేను అలవాటుకొద్దీ తెప్పను కెరటాల్లోకి తోశాడు. తెప్ప తిరగబడి మసేను కాలు విరిగింది.

అప్పటినుంచి తెప్పలొచ్చే వేళకు కాశయ్యే భార్యను పిలిచేవాడు.

"ఒలే ఎర్రమ్మా, కట్టీయే. గట్టిగా బిగించు."

ఎర్రమ్మ తువ్వాలుతో ఆ చేతిని ఒంటికి కట్టేది. అది లోపల గింజుకుంటూనే ఉండేది.

ఒకనాడు సముద్రం రేగింది. కెరటాల మధ్య సందు కాశయ్యకు స్పష్టంగా కనబడింది. ఎడమచెయ్యి ఎత్తాడు. తెప్పలమీద అందరూ చూశారు. ఒక్క తెడ్డూ కదల్లేదు. సందు మూసుకుపోయింది.

కాశయ్య ఆ చెయ్యి దించి, భార్య ముందుకు చాపాడు.

"దీన్ని కూడా కట్టీయే."