నల్లగిన్నె మీద గీత

తమయోకు గోళ్ళు పెంచుకునే సరదా పడుచుతనంలోనే పోయింది. క్యోటోలో అద్దకాలవాళ్ళ ఇంట పుట్టి, పెళ్ళైన కొన్నేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని, టీ మర్యాదలు నేర్పే ఒకిమోతో అనే గురువమ్మగారి తేనీటి ఇంట్లో వెనకగదికి చేరింది. మర్యాదలన్నీ ముందుగదిలో, గిన్నెలు కడగడం వెనకగదిలో. గిన్నెకు ఎక్కడ గీత పడుతుందోనని గోళ్ళు మొదలంటా కత్తిరించుకునేది, ఉంగరమన్నది ఎరగదు. ఆ చేతుల మీది నమ్మకంతోనే ఊళ్ళో మరికొందరు కూడా ఆమెను పనికి పిలిచేవారు. ఆ నమ్మకమే ఆమెకు కూడు.

ఆ నవంబరులో, టీగదిలో చలికాలపు పొయ్యి తెరిచే వేడుక రోజున, గుడివాళ్ళు తమ నల్లగిన్నెను ఎరువిచ్చారు. ఎప్పుడో సన్యాసులు చైనా నుంచి తెచ్చిన గిన్నె. నల్లటి మెరుగుపూత మీద నూనెబొట్లు చిందినట్టు వెండి చుక్కలు. చేసిన కుమ్మరి పాపం టీ తాగడానికే చేసి ఉంటాడు. ఇక్కడికొచ్చాక దానికో పీట, పీటకో గుడ్డ, అన్నిటికీ కలిపి ఒక పెట్టె. ఆ మట్టిగిన్నెకు జరిగే మర్యాదలో పదోవంతు దాన్ని కడిగే మనిషికి జరిగితే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఆ రోజు పెద్ద అతిథి ఇబుకి అమ్మగారు, పట్టు మిల్లు యజమాని భార్య. ఉంగరాలూ గడియారాలూ తీసేసి టీగదిలోకి రావాలని అక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆవిడ వేలికి శనగగింజంత వజ్రం. గురువమ్మ చూసింది, పక్కన కూచున్న అతిథులు చూశారు, తలుపుసందులోంచి తమయో చూసింది. పెద్ద అతిథిని తప్పుపట్టడం మర్యాద కాదు కనుక ఒక్కరూ నోరు మెదపలేదు. టీ తాగాక ఆవిడ గిన్నెను అటూ ఇటూ తిప్పి మురిసిపోతుంటే ఉంగరం తగిలి కిర్రుమంది. అందరూ విన్నారు. విని, పొయ్యిలో బొగ్గులు ఎంత బాగా రాజుకున్నాయో అని మెచ్చుకున్నారు.

సాయంత్రం గిన్నె తీసుకెళ్ళడానికి గుడి నుంచి సన్యాసి వచ్చాడు. గురువమ్మ వెనకగదికొచ్చి తలుపు మూసింది.

"తమయో, కడిగేటప్పుడు నీ చేతిలో గీసుకుపోయిందని చెప్పేయ్. ఒక్క దణ్ణం పెట్టావంటే గొడవ వదిలిపోతుంది."

"నేనెక్కడ గీశానండీ? ఆవిడ గీకింది మీరూ చూశారుగా!"

"చూశానే. అయితే ఆవిణ్ణి అంటామా? పరువుగలవాళ్ళు."

"మరి నాకు లేదాండీ పరువు? రేపట్నుంచి ఈ ఊళ్ళో నా చేతికి గిన్నె ఎవరిస్తారు?"

"నీదేముందే, నాలుగురోజులు పోతే అందరూ మర్చిపోతారు."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! తమయోకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క గిన్నె అంచు చెదరనివ్వని చేతులవి. అయినా ముందుగదిలోకి వెళ్ళి, సన్యాసి ఎదుట, ఇంకా కదలని ఇబుకి అమ్మగారి ఎదుట, నుదురు చాపకు ఆనించింది.

"తప్పు నాదేనండీ. అమ్మగారు లోపలికొస్తున్నప్పుడే వేలికి వజ్రపుటుంగరం చూశాను. తీసేయండమ్మా అని అడిగే ధైర్యం లేకపోయింది. అడిగుంటే గిన్నెకు ఆ గీత పడేది కాదు. క్షమించండి."

ఇబుకి అమ్మగారి చెయ్యి చటుక్కున కిమోనో మడతల్లోకి దూరింది. సన్యాసి గిన్నెను పెట్టెలో సర్దుతూ, ఈ ఏడు చలి తొందరగా వచ్చిందన్నాడు. అవునవునని గురువమ్మ వంతపాడింది. ఇంత జరిగినా, నీ తప్పేం లేదమ్మా అన్న ఒక్క మాట ఎవరి నోటా ఊడిపడలేదు. మర్యాదట, మర్యాద!

తమయో లేచి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి గురువమ్మ ముందు మడిచి పెట్టింది.

"మిగతా గిన్నెలు ఇంకా కడగలేదండీ. ఎవరు కడుగుతారో కడగమనండి. ఉంగరాలు మాత్రం తీసేసి కడగమనండి."